నెట్‌వర్కు రక్షణ : విద్యార్థి ధర్మము

"తాళము వేసితిని, గొళ్లెము మఱచితిని" అను సామెత మన మెఱిగినదే. కంప్యూటర్లను ఒకదానితో నొకటి కలుపు నెట్‌వర్కులకును ఇది వర్తించును. మఱచిన గొళ్లెము లెచ్చటనుండునో తెలియనిదే రక్షణ కుదురదు. కావున రక్షణ నేర్వగోరు విద్యార్థి దాడి జరుగు విధమును గూడ నేర్వవలెను. అయితే ఈ విద్య యెట్లు వినియోగింపబడవలెనో యొక యుదాహరణమువలన తెలియగలదు.

1988వ సంవత్సరము నవంబరు 2వ తేదీని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్ అనునతడు, యంత్రమునుండి యంత్రమునకు తనంతట ప్రాకు ప్రోగ్రాము నొకదానిని ఇంటర్నెట్టులో విడిచెను. దానికి "వర్మ్", అనగా పురుగు, అని పేరు. అది ప్రవేశించిన ముఖ్య మార్గములలో మొదటిది, ఉత్తరములు చేరవేయు సెండ్‌మెయిల్ ప్రోగ్రాములో పరీక్షకై యుంచి మూయక విడిచిన ద్వారము. రెండవది, ఫింగర్ అను సేవలోని లోపము. అది తనకు వచ్చిన మాట నిడివిని కొలువక స్వీకరించెడిది. కుండకు మించి పోసిన నీరు ప్రక్కకు పొరలినట్లు, హెచ్చైన యక్షరములు తమ స్థానమును దాటి యాజ్ఞలుగా పనిచేసెను. మూడవది, సులభముగా ఊహింపదగిన పాస్‌వర్డులు.

ఫైళ్లను చెఱుపు నాజ్ఞ యేదియు దానిలో లేదు. అయినను ఒకే యంత్రములో మరల మరల చొచ్చి పెరుగుటచే యంత్రములు స్తంభించెను. నాటి యంత్రములు సుమారు 60,000 కాగా, వానిలో 6,000 దీని వాత బడెనని అంచనా వేసిరి.

బర్కిలీలోను ఎం.ఐ.టి.లోను విద్యార్థులును ఉద్యోగులును నిద్రమాని ఆ ప్రోగ్రామును విడదీసి చదివి, లోపములను సవరించు మార్గములను ఇతరులకు తెలిపిరి. ఇరుపక్షములవారి విద్యయు నొక్కటియే. యజమానుల యనుమతి యొకరికి గలదు, వేఱొకరికి లేదు. 1990లో న్యాయస్థానము మోరిస్‌నకు మూడేండ్ల ప్రొబేషనును, 400 గంటల సమాజసేవను, 10,050 డాలర్ల జరిమానాను విధించెను. మన దేశమునను 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము ప్రకారము అనుమతిలేని ప్రవేశము దోషమే.

కావున విద్యార్థులారా! అభ్యాసమునకు మీ సొంత యంత్రములనే, ఇతర నెట్‌వర్కులనుండి వేఱుచేసి, వాడుడు. పరుల యంత్రమును పరీక్షింపవలసిన, ముందుగా వ్రాతమూలమైన యనుమతి పొందుడు. పాస్‌వర్డులు దీర్ఘములుగాను, ఒక్కొక్క చోట వేర్వేఱుగాను ఉంచుడు. ప్రోగ్రాముల సవరణలను జాగుచేయక స్వీకరింపుడు. ఎచ్చటనైన లోపము కనబడిన, దానిని లోకమునకు చాటుటకు ముందు యజమానునకు తెలుపుడు. తెఱచియున్న పొరుగింటి తలుపును చూచినవాడు చేయవలసిన పనియు నదియే గదా!