మలయ్ అంటే ఎవరు?

మలేషియాలో ప్రభుత్వోద్యోగాలు, ఉపకార వేతనాలు, వ్యాపార అనుమతుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా 'బూమిపుత్ర' అనే మాట వినవస్తుంది. తెలుగువారికి దీన్ని అనువదించి చెప్పనక్కరలేదు. మన 'భూమిపుత్రుడే' అక్కడికి వెళ్ళి రాజకీయ పదమయ్యాడు. మలయ్‌లు, ద్వీపకల్పంలోని ఆదివాసులు, సబా, సరావాక్ రాష్ట్రాల స్థానిక తెగలు ఈ కోవలోకి వస్తారు. ఆ తెగలలో క్రైస్తవులు చాలామంది ఉన్నారు. చైనా సంతతివారు, భారత సంతతివారు మాత్రం ఇందులోకి రారు.

మరి మలయ్ అంటే ఎవరు? రాజ్యాంగం 160వ అధికరణం జవాబు చెబుతుంది: ఇస్లాంను అవలంబించేవాడు, మలయ్ భాషను నిత్యం మాట్లాడేవాడు, మలయ్ ఆచారాలను పాటించేవాడు. 1957 ఆగస్టు 31న స్వాతంత్ర్యం వచ్చేనాటికే ఆ గడ్డతో తనకు గాని, తన పెద్దలకు గాని పుట్టుక వల్లనో, నివాసం వల్లనో సంబంధం ఉండాలన్నది మరో షరతు. మలయ్ వంశంలో పుట్టి ఉండాలన్న నియమం మాత్రం లేదు. మలయ్ భాషలో జాతిని 'బంగ్సా' అంటారు; అది మన 'వంశం' అనే మాటే. పేరు వంశానిది, గుర్తు ధర్మానిది! ధర్మాన్ని బట్టి జాతి, జాతిని బట్టి హక్కు నిర్ణయమవుతున్నాయి.

ఈ నిర్వచనం షరీఅత్ నుండి వచ్చిందనుకుంటే పొరపాటు. 1913లో బ్రిటిషువారు ఫెడరేటెడ్ మలయ్ రాష్ట్రాలలో మలయ్ రైతుల భూములు ఇతరుల చేతుల్లోకి పోకుండా ఒక చట్టం చేశారు. ఆ భూములకు అర్హులెవరో తేల్చడానికి అధికారులు వ్రాసుకున్న వాక్యంలోనే జాతి, భాష, ఇస్లాం మూడూ ఒకచోట చేరాయి. అంతకుముందు 1891 జనాభా లెక్కలలో వారు ప్రజలను కొన్ని పెద్ద గంపలలో వేశారు. జావా, సుమత్రాల నుండి వచ్చినవారు మలయ్‌ల గంపలో పడ్డారు. మన తెలుగువారు 'తమిళులు, ఇతర భారతీయులు' అనే గంపలో కలిసిపోయారు. పరాయి పాలకులు పోయినా గంపలు మిగిలాయి. 1946లో పుట్టిన యునైటెడ్ మలయ్ జాతీయ సంస్థ (ఆమ్నో) తలుపులు అన్ని జాతులకూ తెరవాలని దాని స్థాపకుడు ఓన్ జాఫర్ కోరగా, పార్టీ ఒప్పుకోలేదు. 1951లో ఆయనే బయటకు వెళ్ళవలసి వచ్చింది.

మలయ్‌ల ప్రత్యేక స్థానాన్ని కాపాడేది 153వ అధికరణం. పదిహేనేళ్ళ తర్వాత దీన్ని పునఃపరిశీలించాలని రాజ్యాంగ ముసాయిదా తయారుచేసిన రీడ్ కమిషన్ సూచించింది. ఆ గడువు రాజ్యాంగంలోకి ఎక్కలేదు. 1969 మే 13న కౌలాలంపూర్‌లో చెలరేగిన అల్లర్లలో, ప్రభుత్వ లెక్క ప్రకారమే, 196 మంది చనిపోయారు. తర్వాత 1971లో నూతన ఆర్థిక విధానం వచ్చింది. 1970లో కంపెనీల వాటాలలో 2.4 శాతంగా ఉన్న బూమిపుత్రుల భాగాన్ని 1990 నాటికి 30 శాతానికి పెంచడం లక్ష్యం. మలయ్ రైతుల, జాలరుల పేదరికం కల్పితం కాదు; దానికి చికిత్స అవసరమే. కాని చికిత్స పేదరికానికి గాక జాతికి ముడిపడింది.

ఇక్కడే ముస్లిములమైన మనకు ఎదురయ్యే చిక్కు. ఒక చైనా యువకుడు కలిమా చదివి ఇస్లాం స్వీకరిస్తే జనం 'మసుక్ మెలాయు', అంటే 'మలయ్‌లలో చేరాడు' అంటారు. తనవారు అతణ్ణి పోయినవాడిగా చూస్తారు. అయితే కలిమా చదివినంత మాత్రాన చట్టం దృష్టిలో అతడు మలయ్ కాడు, తక్కిన షరతులున్నాయి. తరతరాలుగా అక్కడ నమాజు చేస్తున్న తమిళ ముస్లిముల స్థితీ అంతే. భాష, ఆచారం మార్చుకున్న కుటుంబాలు మలయ్‌లలో కలిసిపోయాయి. ఇంట్లో తమిళం నిలుపుకున్నవారు 'భారతీయ ముస్లిములు'గా వెలుపల మిగిలారు. మలయ్‌ల తరఫున గట్టిగా వాదించిన ప్రధాని మహాతీర్ పితామహుడు భారతదేశం నుండి వెళ్ళినవాడే. ఒకే సఫ్‌లో భుజం కలిపి నిలబడినవారు దరఖాస్తు ఫారం ముందు వేరవుతున్నారు.

తెగలు, జాతులు పరస్పర పరిచయం కోసమేనని అల్ హుజురాత్ సూరా బోధిస్తుంది. అసబియ్యత్‌ను, అంటే న్యాయాన్యాయాలు చూడక తనవారినే సమర్థించే పక్షపాతాన్ని, దైవప్రవక్త (స) గర్హించారు. మలేషియా ఇస్లామీ పార్టీ (పాస్) పగ్గాలు 1982లో ఉలమాల చేతికి వచ్చినప్పుడు వారు ఆమ్నోపై ఎక్కుపెట్టిన విమర్శ ఇదే. దేవ్‌బంద్‌లో, అల్ అజ్‌హర్‌లో చదివిన నిక్ అబ్దుల్ అజీజ్ కెలాంతన్ ముఖ్యమంత్రిగా ఉంటూ కూడా ఆ మాట వదలలేదు. ఆయన 2015లో కన్నుమూశారు. 2019 సెప్టెంబరులో పాస్, ఆమ్నో మలయ్ ముస్లిం ఐక్యత పేరిట ఒప్పందం చేసుకున్నాయి. 2022 ఎన్నికలనాటికి విడిపోయి, అవే మలయ్ ఓట్ల కోసం వేర్వేరు కూటముల నుండి పోటీపడ్డాయి.