పరిశోధకుల అంతర్జాల గోప్యత: బ్రౌజర్లు, శోధనయంత్రాలు, ఆన్‌లైన్ సేవల ఎంపిక – విశాఖపట్నం నేపథ్యం

వ్యాససారాంశం:

పరిశోధన నేడు చాలావరకు బ్రౌజర్‌లోనే మొదలవుతోంది. పరిశోధకులు ఏం వెతికారు, ఏ పుటను ఎంతసేపు చదివారు, ఎవరి మాటలను ఎక్కడ భద్రపరిచారు అనే సమాచారం ఆయా సేవాసంస్థల వద్ద పోగుపడుతోంది. గోప్యతను గౌరవించే బ్రౌజర్లను, శోధనయంత్రాలను, ఇతర సేవలను ఏ ప్రమాణాలతో ఎంచుకోవాలో విశాఖపట్నం నేపథ్యంలో ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగులో పనిచేసే పరిశోధకులకు ప్రత్యేకంగా ఎదురయ్యే సమస్యలను చర్చిస్తుంది.

కీలకపదాలు: గోప్యత, బ్రౌజర్, శోధనయంత్రం, కుకీ, ఫింగర్‌ప్రింటింగ్, క్షేత్రపర్యటన, యూనికోడ్, విశాఖపట్నం.

1. ఉపోద్ఘాతం

విశాఖపట్నం ఓడరేవు నగరం, ఉక్కు నగరం, తూర్పు నౌకాదళానికి ప్రధానస్థావరం. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్' పేరుతో ఒక గూఢచర్య వ్యవహారాన్ని బయటపెట్టారు. సామాజిక మాధ్యమాల పరిచయాల ద్వారా వలలో చిక్కారన్న ఆరోపణపై ఏడుగురు నౌకాదళ సిబ్బంది అరెస్టయ్యారు. అదే నెలలో నౌకాదళం తన స్థావరాల్లోను, నౌకల్లోను స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్ వాడకాన్ని నిషేధించింది.

ఆరేళ్ల తర్వాత, 2025 అక్టోబరు 14న, గూగుల్ సంస్థ ఇదే నగరంలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడితో కృత్రిమ మేధా కేంద్రాన్ని నెలకొల్పుతామని ప్రకటించింది. భారీ డేటా కేంద్రం, సముద్రగర్భ కేబుళ్లు ఇందులో భాగం. ఒకప్పుడు సరుకు దిగిన తీరానికి ఇకపై సమాచారమూ చేరనుంది.

నిషేధం నౌకాదళానికి సాధ్యమైంది. విశ్వవిద్యాలయానికి అది సాధ్యం కాదు, వాంఛనీయమూ కాదు. పరిశోధకులకు మిగిలిన మార్గం తెలిసి ఎంచుకోవడమే.

2. గోప్యత – హక్కుగా

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా ప్రకటించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఆ ధర్మాసనంలో ఒకరు. ప్రస్తుత ఆంధ్రప్రదేశ్ గవర్నరు జస్టిస్ అబ్దుల్ నజీర్ మరొకరు. చలమేశ్వర్ తన ప్రత్యేక తీర్పులో గోప్యతను మూడు అంశాలుగా విభజించారు: అవాంఛిత జోక్యం లేని ప్రశాంతత, ఇతరుల చూపు సోకని ఆశ్రయం, ఆంతరంగిక నిర్ణయ స్వేచ్ఛ. పరిశోధకుడికి ఈ మూడూ వర్తిస్తాయి. తన చదువును ఎవరో గమనిస్తున్నారన్న భయం ఉన్నచోట ప్రశ్న అడగడమే ఆగిపోతుంది.

3. సమాచారం ఎక్కడెక్కడ జారుతుంది?

ఒక పుటను తెరిచినప్పుడు ఆ సమాచారం నాలుగు చోట్లకు చేరవచ్చు: వాడే పరికరం, కళాశాల వైఫై లేదా అంతర్జాల సంస్థ, తెరిచిన వెబ్‌సైటు, ఆ పుటలో పొందుపరచిన ప్రకటనల, గణాంకాల సంస్థలు. హెచ్‌టీటీపీఎస్ ఉన్నచోట వైఫై నిర్వాహకుడికి సాధారణంగా సైటు పేరు తెలుస్తుందే గాని లోపల చదివిన విషయం తెలియదు.

'ఇన్‌కాగ్నిటో' విధానం వీటిలో మొదటిదానికి మాత్రమే తెరవేస్తుంది. చరిత్ర పరికరంలో మిగలదు. మిగిలిన మూడు చోట్లా జాడలు మిగలవచ్చు. ఈ అంశంపైనే అమెరికాలో 2020లో గూగుల్‌పై దావా పడింది. 2024లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ విధానంలో సేకరించిన కోట్లాది రికార్డులను తొలగించడానికి సంస్థ అంగీకరించింది.

కుకీలను తొలగించినా గుర్తింపు పూర్తిగా పోదు. తెర పరిమాణం, అక్షరరూపాలు, భాష, కాలమండలం వంటి వివరాలను కలిపి ఒక బ్రౌజర్‌ను ఆనవాలు పట్టడాన్ని 'ఫింగర్‌ప్రింటింగ్' అంటారు. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2010లో సుమారు 4,70,000 బ్రౌజర్లను పరిశీలించగా 83.6 శాతం దేనికదే ప్రత్యేకంగా కనిపించాయి.

4. బ్రౌజర్ల ఎంపిక

బ్రౌజర్‌ను ఎంచుకొనేటప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న: దీనికి ఆదాయం ఎక్కడినుంచి వస్తోంది? క్రోమ్ వెనుక ప్రపంచంలోనే పెద్ద ప్రకటనల వ్యాపారం ఉంది. ఫైర్‌ఫాక్స్‌ను లాభాపేక్ష లేని మొజిల్లా ఫౌండేషన్‌కు చెందిన సంస్థ రూపొందిస్తోంది. దాని మూలసంకేతం బహిరంగం. తెలుగు అంతర్ముఖం కూడా లభిస్తుంది. ఒక సైటు కుకీలు మరో సైటుకు అందకుండా వేరుచేసే రక్షణ 2022 నుంచి అందులో అప్రమేయంగానే ఉంది. అయితే మొజిల్లా ఆదాయంలో అధికభాగం గూగుల్‌ను అప్రమేయ శోధనయంత్రంగా ఉంచినందుకు గూగుల్ చెల్లించేదే. కనుక ఫైర్‌ఫాక్స్‌ను ఎంచుకొన్నవారు శోధనయంత్రాన్ని తామే మార్చుకోవాలి.

బ్రేవ్ క్రోమియం ఆధారంగా నడుస్తుంది. ట్రాకర్లను మొదటినుంచే అడ్డుకొంటుంది. దానికీ సొంత ప్రకటనల వ్యాపారం ఉంది. టోర్ బ్రౌజర్ అభ్యర్థనను మూడు కేంద్రాల మీదుగా పంపి ఐపీ అడ్రసును మరుగుపరుస్తుంది. వేగం తగ్గుతుంది, కొన్ని సైట్లు తెరుచుకోవు. నిత్యవ్యవహారానికి ఫైర్‌ఫాక్స్, సున్నితమైన అంశాలకు టోర్ అనే విభజన ఆచరణకు అనుకూలం.

ఇక్కడ తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. బ్రౌజర్‌లో తెలుగును ప్రాధాన్యభాషగా పెట్టుకొంటే ఆ విషయం ప్రతి సైటుకూ తెలుస్తుంది. అలా పెట్టుకొన్నవారు తక్కువైనకొద్దీ ఆనవాలు పట్టడం సులభమవుతుంది. అందుకే ఫింగర్‌ప్రింటింగ్‌ను గట్టిగా నిరోధించే అమరికలు, వాడుకరి భాష ఏదైనా సైట్లకు ఆంగ్లాన్నే తెలపమంటాయి. కాని తెలుగు కోరేవారు కనబడకపోతే తెలుగు సేవలకు గిరాకీ ఉన్నట్టు సంస్థలకు తెలియదు. దీనికి మధ్యేమార్గం ఉంది. నిత్యం వాడే బ్రౌజర్‌లో తెలుగును ఉంచి, గుర్తింపు దాచవలసిన పనికి మాత్రం వేరే బ్రౌజర్‌ను వాడాలి.

5. శోధనయంత్రాలు

శోధనపదాలు వాటికవే మనిషిని పట్టిస్తాయి. 2006లో ఏఓఎల్ సంస్థ సుమారు 6,50,000 మంది వాడుకరుల శోధనలను పేర్లు తీసివేసి, సంఖ్యలు మాత్రమే ఇచ్చి విడుదల చేసింది. కొద్దిరోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆ ప్రశ్నల ఆధారంగా ఒక మహిళ ఇంటికి చేరుకొంది. పరిశోధకుడి శోధనచరిత్ర అచ్చుకాని సిద్ధాంతగ్రంథానికి చిత్తుప్రతి వంటిది.

డక్‌డక్‌గో శోధనలను వ్యక్తితో ముడిపెట్టి నిల్వచేయనని చెబుతుంది. ఫలితాలను ఎక్కువగా బింగ్ నుంచి తీసుకొంటుంది. నెదర్లాండ్స్‌కు చెందిన స్టార్ట్‌పేజ్ గూగుల్ ఫలితాలను వాడుకరి ఐపీ అడ్రసు చేరవేయకుండా తెచ్చి ఇస్తుంది. బ్రేవ్ సెర్చ్‌కు, బ్రిటన్‌కు చెందిన మోజీక్‌కు సొంత సూచికలున్నాయి. సెర్‌ఎక్స్‌ఎన్‌జీ బహిరంగ మూలసంకేతంతో లభిస్తుంది. విశ్వవిద్యాలయం తన సర్వర్‌లోనే దానిని నడుపుకోవచ్చు.

పేరు చూసి నమ్మడం చాలదని 2022లో స్పష్టమైంది. డక్‌డక్‌గో బ్రౌజర్ మైక్రోసాఫ్ట్ ట్రాకర్లలో కొన్నింటిని ఒప్పందం కారణంగా అడ్డుకోవడం లేదని ఒక భద్రతా పరిశోధకుడు బయటపెట్టాడు. తర్వాత సంస్థ దానిని సరిదిద్దింది. లోపాన్ని బయటివారు పరీక్షించి చూపగలగడమే ఇక్కడ గమనించవలసిన గుణం.

తెలుగు శోధనకు ఒకే యంత్రం చాలదు. 'విశాఖపట్నం', 'విశాఖపట్టణం', 'వైజాగ్' అని ఒకే ఊరికి మూడు రూపాలు. 'విశాఖలోని', 'విశాఖకు' అంటూ విభక్తి చేరిన రూపాలు మరెన్నో. మొదట గోప్యతనిచ్చే యంత్రంలో రూపభేదాలతో వెతికి, ఫలితం లేనప్పుడే లాగిన్ కాకుండా పెద్ద యంత్రాన్ని ఆశ్రయించడం మేలు.

6. తెలుగు రచనా పరికరాలు

తెలుగు పరిశోధకులు అంతగా పట్టించుకోని చోటు ఇదే. అను ఫాంట్లలో ఉన్న అధ్యాయాన్ని యూనికోడ్‌లోకి మార్చడానికి ఏదో ఒక ఆన్‌లైన్ కన్వర్టర్‌లో అతికించడం సాధారణమైపోయింది. ఆ సైటు ఎవరిదో, పాఠాన్ని నిల్వచేస్తుందో లేదో చాలామంది చూడరు. అచ్చుకాని అధ్యాయం అలా పరాయి సర్వరుకు చేరవచ్చు. అనువాద, కృత్రిమ మేధా సేవల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

దీనికి ప్రత్యామ్నాయాలున్నాయి. విండోస్, లినక్స్ వ్యవస్థల్లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ముందే ఉంటుంది. దానికి అంతర్జాలం అక్కరలేదు. పాత పుస్తకాల ప్రతిబింబాల నుంచి అక్షరాలు రాబట్టడానికి టెసరాక్ట్ తెలుగు నమూనాతో సొంత కంప్యూటరులోనే పనిచేస్తుంది. ఉపప్రమాణాల నిర్వహణకు జొటీరో ఖాతా లేకుండానే నడుస్తుంది.

7. క్షేత్రపర్యటన – పరాయి గోప్యత

పై జాగ్రత్తలన్నీ పరిశోధకుడి సొంత గోప్యతకు సంబంధించినవి. క్షేత్రపర్యటనలో విషయం మారుతుంది. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం విశాఖ ఉక్కులో నూటికి నూరుపాళ్ల పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయ ఆమోదం తెలిపినప్పటినుంచి అక్కడి కార్మికులు ఆందోళనలో ఉన్నారు. కాంట్రాక్టు కార్మికుడొకరు యాజమాన్యం గురించి చెప్పిన మాట అతని పేరుతో, ఫోను నంబరుతో సహా వాట్సాప్ బృందంలోనో, ఆన్‌లైన్ ఫారంలోనో ఉండిపోతే, బయటపడిననాడు పోయేది పరిశోధకుడి పట్టా కాదు, ఆ కార్మికుడి ఉపాధి. భూమి కోల్పోయిన నిర్వాసితులకు, రేవు కూలీలకు, మత్స్యకారులకు ఇదే వర్తిస్తుంది.

వాట్సాప్ సందేశాల లోపలి విషయం రహస్యంగానే ఉంటుంది. ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్న సమాచారం సంస్థకు తెలుస్తుంది. లాభాపేక్ష లేని సిగ్నల్ ఆ వివరాలనూ అత్యల్పంగానే ఉంచుకొంటుంది; 2024 నుంచి ఫోను నంబరు చూపకుండా మాట్లాడే వీలు కూడా కల్పించింది. కోబోటూల్‌బాక్స్‌తో అంతర్జాలం లేనిచోట కూడా సమాచారం సేకరించవచ్చు. పేర్ల పట్టికను, జవాబులను విడివిడిగా ఉంచి, రెండింటినీ వెరాక్రిప్ట్‌తో తాళం వేయడం కనీస జాగ్రత్త.

8. చట్టం, దాని పరిధి

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత అమలులోకి వస్తాయి. పరిశోధనకు షరతులతో మినహాయింపు ఉంది: ఆ సమాచారంతో ఏ వ్యక్తి విషయంలోనూ ప్రత్యేక నిర్ణయం తీసుకోరాదు, నిర్దేశిత ప్రమాణాలు పాటించాలి. ఈ మినహాయింపు బాధ్యతారాహిత్యానికి అనుమతి కాదు.

వీపీఎన్ విషయంలో మరో చిక్కు ఉంది. సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ సంస్థలు వాడుకరుల వివరాలను కనీసం ఐదేళ్లు ఉంచాలి. దీంతో కొన్ని అంతర్జాతీయ సంస్థలు భారతదేశంలోని తమ సర్వర్లను తొలగించాయి. అలాగే సర్వరు విశాఖలో ఉన్నంతమాత్రాన దానిలోని సమాచారంపై అధికారం విశాఖకు రాదు. 2018 నాటి అమెరికా క్లౌడ్ చట్టం ప్రకారం, తగిన ఉత్తర్వు ఉంటే ఆ దేశపు సంస్థలు సమాచారం ఏ దేశంలో ఉన్నా అప్పగించవలసిందే.

9. ముగింపు

ఏ సేవను ఎంచుకొన్నా ఐదు ప్రశ్నలు వేసుకోవాలి: ఆదాయం ఎక్కడిది? అప్రమేయ అమరికలు ఎవరికి అనుకూలం? మూలసంకేతాన్ని బయటివారు పరీక్షించగలరా? ఏ దేశపు చట్టానికి లోబడి ఏ వివరాలు నిల్వ ఉంచుతుంది? వదిలేసినప్పుడు మన సమాచారాన్ని వెంట తెచ్చుకోగలమా?

ఈ ఎంపికను ఒక్కొక్క పరిశోధకుడి శ్రద్ధకే వదిలివేయడం సరికాదు. గ్రంథాలయ కంప్యూటర్లలో అప్రమేయ బ్రౌజర్‌ను, శోధనయంత్రాన్ని మార్చడం, పరిశోధన పద్ధతుల పాఠ్యాంశంలో దీనిని చేర్చడం, క్షేత్రసమాచారానికి విశ్వవిద్యాలయమే సురక్షిత నిల్వ కల్పించడం శాఖల స్థాయిలో జరగవలసిన పనులు. పరిశోధకుడిని నమ్మి నోరు విప్పిన మనిషికి ఇవ్వదగిన కనీస హామీ ఇది.