వెబ్‌సైట్‌కి ఎంత తీసుకుంటారు?

‘‘వెబ్‌సైట్ ఒకటి చేయించాలండీ, ఎంత తీసుకుంటారు?’’ ఏ కంపెనీలోనూ చేరకుండా సొంతంగా వెబ్ డిజైన్ చేసుకునేవాళ్లకు చాలా ఫోన్లు ఈ మాటతోనే మొదలవుతాయి. అవతలివాళ్లు ఏం అమ్ముతారో, ఆ సైటుతో వాళ్లకు ఏం పనో తెలియకముందే ధర చెప్పాలి. చెప్పకపోతే బేరం చేజారుతుందేమోనని భయం. ఆ తొందరలో నోటికొచ్చే అంకె సాధారణంగా రెండు చోట్ల నుంచి పుడుతుంది. పక్కవాళ్లు ఇంతకు చేస్తున్నారని విన్నది ఒకటి, ‘పేజీకి ఇంత’ అన్న వాడుక లెక్క మరొకటి. ఆ రెండింటిలోనూ చేసేవాళ్ల బతుకు ఖర్చు లేదు, పని అసలు బరువూ లేదు. అమీర్‌పేట లాంటి చోట్ల డిజైన్, కోడింగ్, వర్డ్‌ప్రెస్ నేర్పేందుకు కోర్సులకు లోటు లేదు కానీ, కొటేషన్ ఎలా వేయాలో చాలామంది నష్టపోయాకే నేర్చుకుంటున్నారు. ఏడాదిలో మనం నిజంగా అమ్ముకోగలిగే గంటలెన్నో తెలిస్తే తప్ప ధర గురించి మాట్లాడే అర్హత రాదని నా నమ్మకం. ఎంత తగ్గించవచ్చు, ఎక్కడ వద్దనాలి అన్నవన్నీ ఆ తర్వాతి సంగతులు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇంటికి నెలకు 40 వేలు కావాలనుకుందాం, అంటే ఏడాదికి 4,80,000. 365 రోజుల్లో 52 ఆదివారాలు, పండగలకు, జ్వరాలకు, ఊరి ప్రయాణాలకు మరో 23 రోజులు తీసేస్తే 290 రోజులు మిగులుతాయి. రోజుకు 8 గంటల చొప్పున 2,320 గంటలు. చాలామంది ఇక్కడే ఆగి భాగించేస్తారు, గంటకు 207 రూపాయలు వస్తుంది. కానీ ఆ గంటలన్నీ ఎవరూ కొనరు. కొత్త కస్టమర్లతో మాట్లాడడం, ఖాయం కాని పనులకూ కొటేషన్లు రాయడం, బిల్లులు పంపడం, రావాల్సిన డబ్బు కోసం పదేపదే ఫోన్లు చేయడం, మారిపోయే సాఫ్ట్‌వేర్‌ను నేర్చుకోవడం, వీటికి బిల్లు వేయలేం. సగం గంటలు వీటికే పోతాయనుకుంటే అమ్మకానికి మిగిలేవి 1,160. ఊరి చివరికి వెళ్లే ఆటోడ్రైవర్ ఖాళీగా తిరిగి రావాల్సిన దూరాన్నీ కలిపి కిరాయి చెప్పేది ఇందుకే. ఇక ఖర్చులు చూస్తే, 75 వేల లాప్‌టాప్ మూడేళ్లు వస్తుందనుకుంటే ఏడాదికి 25 వేలు, ఇంటర్నెట్‌కు, ఇన్వర్టర్‌కు 18 వేలు, సాఫ్ట్‌వేర్ చందాలకు 30 వేలు, ఆరోగ్య బీమాకు 20 వేలు, ఆడిటర్‌కు 12 వేలు. మొత్తం 1,05,000. ఇంటి ఖర్చుతో కలిపితే 5,85,000. పని దొరకని నెలలకు, ఎగ్గొట్టే బిల్లులకు 15 శాతం పక్కన పెడితే 6,72,750. దీన్ని 1,160తో భాగిస్తే గంటకు 580 రూపాయలు. ఈ అంకెలు ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటాయి, ఎవరివి వాళ్లు వేసుకోవాలి. కానీ 207కూ 580కీ మధ్య ఉన్న తేడా మాత్రం ఎవరి లెక్కలోనైనా ఏదో ఒక మేరకు బయటపడుతుంది. నెల జీతాన్ని గంటలతో భాగించి రేటు పెట్టుకున్నవాళ్లు రాత్రింబవళ్లు పనిచేస్తున్నా చేతిలో ఏమీ ఎందుకు మిగలదో ఆ తేడాలోనే ఉంది.

ఇప్పుడు ‘పేజీకి ఇంత’ సంగతి. మంగళగిరి చీరలమ్మే చిన్న దుకాణం ఒకటి ఆన్‌లైన్ అమ్మకాలు మొదలుపెట్టాలనుకుందనుకోండి. పేజీలు లెక్కపెడితే హోమ్, మా గురించి, చీరలు, కార్ట్, సంప్రదించండి, మొత్తం ఐదు. పాతిక వేలు చెబితే ఇద్దరికీ సబబుగానే అనిపిస్తుంది. కానీ ఆ ‘చీరలు’ అనే ఒక్క పేజీ వెనక 150 చీరలున్నాయి. ఫొటోలు వాట్సాప్‌లో వస్తాయి, నాణ్యత తగ్గిపోయి, కొన్ని అడ్డంగా, కొన్ని నిలువుగా. నిజాం బార్డర్ చీర ఒకటే మూడు రంగుల్లో ఉంటే మూడు వేర్వేరు చీరలుగా పెట్టాలా, ఒకే చీర కింద మూడు రంగులు చూపాలా అన్నది తేల్చుకోవాలి. ఒక్కో చీర ఎక్కించడానికి ఆరు నిమిషాలు పట్టినా 15 గంటలు. దుకాణం వాళ్లతో కూర్చుని అవసరాలు తెలుసుకోవడానికి 8, డిజైన్‌కు 24, కట్టడానికి 30, పేమెంట్ గేట్‌వే, కొరియర్ ఛార్జీలు అమర్చడానికి 10, చిన్నా పెద్దా ఫోన్లలో పరీక్షించడానికి 8, దుకాణంలో పిల్లలకు ఆర్డర్లు చూడడం నేర్పడానికి 5, మార్పులకు 10. అన్నీ కలిపితే 110 గంటలు. 580 చొప్పున 63,800 రూపాయలు. పాతిక వేలకు ఒప్పుకుంటే గంటకు 227 పడుతుంది. అంటే ఇల్లు గడవడానికి కావాల్సిన దానిలో సగం కూడా లేదు. డాక్టర్‌గారి క్లినిక్‌కు పెట్టే ఐదు పేజీల సైటుకు ఇందులో సగం గంటలు కూడా పట్టకపోవచ్చు. రెండూ ఐదు పేజీలే.

మరి దుకాణదారు అంత ఇవ్వగలడా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. చిన్న ఊళ్లలో 64 వేలు అనగానే మాట అక్కడితో ఆగిపోతుంది. ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు, పని మొత్తం అలాగే ఉంచి ధర తగ్గించడం. తగ్గించాల్సింది పనిని. మొదట 40 చీరలతో మొదలుపెడదాం, పేమెంట్ గేట్‌వే బదులు ఆర్డర్ నేరుగా వాట్సాప్‌కు వచ్చేలా చేద్దాం, డిజైన్ కొత్తగా గీయకుండా సిద్ధంగా దొరికే థీమ్ వాడదాం అని చెబితే, కట్టే పని కూడా తగ్గి గంటలు 54కు దిగుతాయి, ధర సుమారు 31 వేలు అవుతుంది. మిగిలిన చీరలు వాళ్లే ఎక్కించుకోవచ్చు. అమ్మకాలు పుంజుకున్నాక గేట్‌వే పెట్టుకోవచ్చు, దానికి వేరే కొటేషన్. కస్టమర్‌కు ఇదే మేలు కూడా. మొహమాటానికి సగం ధరకు ఒప్పుకున్నవాళ్లు మధ్యలో ఇంకో పని రాగానే దీన్ని పక్కన పడేస్తారు. దసరా అమ్మకాలకు రావాల్సిన సైటు సంక్రాంతికీ రాదు.

ఇంజనీరింగ్ చదివే కుర్రాడు ఐదు వేలకే చేసిస్తానంటున్నాడు కదా అన్నది ఇంకో అభ్యంతరం. ఆ కుర్రాడికి ఇంటద్దె లేదు, నేర్చుకోవడమే అతనికి లాభం. అతణ్ని తప్పుపట్టాల్సిన పని లేదు. ఐదు వేల పని నిజంగా ఐదు వేలదే అయితే అతనికే వదిలేయాలి. కానీ ఏడాది తర్వాత సైటు హ్యాక్ అయితే ఫోన్ ఎవరు ఎత్తుతారు, డొమైన్ ఎవరి పేరు మీద ఉంది, బ్యాకప్ ఎక్కడుంది అని కస్టమర్ అడగాలి, అడగకపోతే మనమే గుర్తుచేయాలి. డొమైన్ ఎప్పుడూ కస్టమర్ పేరు మీద, కస్టమర్ ఈమెయిల్‌తోనే తీసుకోవాలి. దాన్ని తమ పేరు మీద పెట్టుకుని రెన్యువల్ సమయంలో ఒత్తిడి చేయడం ఈ వృత్తికే చెడ్డపేరు.

ఇప్పుడు ఏఐ పరికరాలు కొద్ది నిమిషాల్లో పేజీ గీసిస్తున్నాయి, విక్స్, షాపిఫై లాంటివి ఎప్పటినుంచో ఉన్నాయి, ఇంకా ఇంత ధరెందుకు అనేవాళ్లకు సమాధానం కాస్త జాగ్రత్తగా చెప్పాలి. వాళ్ల మాటలో నిజముంది. కొన్ని గంటలు తగ్గుతాయి, తగ్గాలి కూడా. అందుకే గంటల లెక్క మన నోట్‌బుక్‌లో ఉండాలే తప్ప బిల్లు మీద ఉండకూడదంటాను. గంటకింత అని బిల్లు వేస్తే అనుభవం పెరిగి పని త్వరగా అయ్యే కొద్దీ ఆదాయం తగ్గుతుంది, నెమ్మదిగా చేసినవాళ్లకు ఎక్కువ వస్తుంది. ఇది తలకిందుల న్యాయం. గంటలతో మన కనీస ధర తెలుసుకుని, కస్టమర్‌కు మాత్రం పని మొత్తానికి ఒకే ధర చెప్పాలి. కస్టమర్‌కు కలిగే లాభంలో వాటాగా ధర పెట్టమని విదేశీ నిపుణులు చెప్పే సలహా మాత్రం మన చిన్న వ్యాపారాలకు అంతగా నప్పదు. సైటు వల్ల ఎన్ని చీరలు అమ్ముడవుతాయో దుకాణదారుకే తెలియనప్పుడు ఆ లాభంలో వాటా ఎలా కట్టగలం? పెద్ద ఆసుపత్రులకో, రియల్ ఎస్టేట్ సంస్థలకో చేసేటప్పుడు పొరపాటు జరిగితే మీద పడే బాధ్యత పెద్దది కాబట్టి ధర పెంచడం సమంజసం.

అసలు నష్టం చాలాసార్లు ధర దగ్గర జరగదు. ‘‘చిన్న మార్పే కదండీ’’ అన్న మాట దగ్గర జరుగుతుంది. లోగో కాస్త పెద్దది చేయండి, ఆ ఎరుపు కాదు మెరూన్ పెట్టండి, మా బావగారు చూసి మెనూ పైకి ఉంటే బాగుంటుందన్నారు. ఒక్కోటి ఇరవై నిమిషాలే అయినా, పదిసార్లు అడిగితే మూడు గంటలు దాటిపోతాయి. ఎన్ని విడతల మార్పులు ధరలో కలిసున్నాయో, ఆ పైన విడతకు ఎంతో కొటేషన్‌లోనే రాయాలి. అడ్వాన్స్ రాకుండా పని మొదలుపెట్టకూడదు, చివరి వాయిదా ముట్టాకే సైటు కస్టమర్ సర్వర్ మీదకు వెళ్లాలి. ఏటా నిర్వహణకు ఒప్పందం (ఏఎంసీ) వేరుగా ఉండాలి. హక్కుల సంగతీ రాసుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగిగా కాక స్వతంత్రంగా చేసిన పని మీద మొదటి హక్కు సాధారణంగా చేసినవాళ్లదే, దాన్ని బదిలీ చేయాలంటే సంతకంతో కూడిన కాగితం కావాలి. ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ పరిశ్రమగా నమోదైతే 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం అండ ఉంటుంది. ఒప్పందం ఉన్నా సరే 45 రోజులకు మించి చెల్లింపు ఆపకూడదు, ఆపితే రిజర్వు బ్యాంకు చెప్పే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. ఈ సంగతి బిల్లు కింద ఒక్క వాక్యంగా రాసినా గుర్తుచేయడం తేలికవుతుంది.

పన్నుల గురించి రెండు మాటలు. సేవల మీద ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు, ఈ పనికి రేటు 18 శాతం. కాబట్టి నమోదైనవాళ్లు ‘జీఎస్టీ అదనం’ అని కొటేషన్‌లో రాయకపోతే అది తమ జేబులోంచే పోతుంది. విదేశీ పనులకు ఫైవర్ లాంటి వేదికలు వాడేవాళ్లు అక్కడ 20 శాతం కమీషన్ పోతుందని, 100 డాలర్ల పనికి 80 డాలర్లే వస్తాయని ముందే లెక్కలో వేసుకోవాలి.

ఈ వ్యాసంలోని 110 గంటలు, 580 రూపాయలు నేను వేసుకున్న అంచనాలు. మీ అసలు అంకెలు మీ దగ్గరే దొరుకుతాయి. ఇప్పుడు చేతిలో ఉన్న పనికే, ఫోన్ మాట్లాడిన సమయంతో సహా ప్రతి గంటా రాసిపెట్టండి. పూర్తయ్యాక వచ్చిన డబ్బును ఆ గంటలతో భాగించి చూసుకుని, తర్వాతి కస్టమర్‌కు ధర చెప్పండి. ఎవరైనా ఫోన్‌లోనే అంకె అడిగితే ‘‘వివరాలు పంపండి, రేపు కొటేషన్ పంపిస్తాను’’ అనండి.