ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

బస్తరు వారపు సంతలలో ఉప్పు, చింతపండు, ఇప్పపూవులతో పాటు మరొక సరుకు కూడా చేతులు మారింది. అది పాట. 2010లో శుభ్రాంశు చౌధరి ప్రభృతులు ఆరంభించిన సీజీనెట్ స్వరకు ఆదివాసులు ఫోను చేసి, గోండి మొదలైన భాషలలో తమ కష్టసుఖాలను, పాటలను వినిపించేవారు. ఇంటర్నెట్ అందని పల్లెల కోసం ఒకరు వాటిని పంచాయతీ కార్యాలయంలో దించుకొని, బ్లూటూత్ ద్వారా తక్కినవారి ఫోన్లకు పంపే పద్ధతి వచ్చింది. బ్లూటూత్ కాస్తా జనం నోట ‘బుల్టూ’ కావడంతో దానికి బుల్టూ రేడియో అని పేరు నిలిచింది.

పాట నడిచిన దారిలోనే సాఫ్ట్‌వేర్ కూడా నడవగలదు. అయితే, ఒక ఫోనులోని ఫైలును మరొక ఫోనుకు ఎక్కించడం చట్టం దృష్టిలో నకలు తీయడమే. ఆ హక్కు ఎవరిచ్చారన్న ప్రశ్న ప్రతి చేతి మార్పిడికీ వెంటనే ఉంటుంది.

ఒక యువకుడు గోండి పిల్లల కోసం వాచకం వంటి ప్రోగ్రామును తయారుచేసి, ఉచితంగా ఇచ్చాడనుకుందాం. ప్రోగ్రాము అతని సొంతమే. కాని అందులోని బొమ్మలు ఒకరివి, అక్షరాలను తెరపై చూపే ఫాంటు మరొకరిది, మాటలను పలికించే ఫైళ్ళు ఇంకొకరివి. తాను డబ్బు తీసుకోవడం లేదు గనుక అడిగేవారుండరని అతడు భావించవచ్చు. అది పొరపాటు. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. 1984 సవరణతో కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. రచనను నమోదు చేయించకున్నా హక్కు ఉంటుంది. కర్త ఏ షరతూ వ్రాయకుండా ఫైలును విడుదల చేస్తే దానిని ఎవరైనా పంచవచ్చునని కాదు, అనుమతి ఇవ్వలేదనే అర్థం.

అనుమతి ఉన్నచోట కూడా షరతులను చదవక తప్పదు. మైక్రోసాఫ్టు సంస్థ 1996 నుండి ఏరియల్, టైమ్స్ వంటి ఫాంట్లను ఉచితంగా అందించింది. కాని వాటిని తానిచ్చిన మూటను విప్పకుండా, మార్చకుండా మాత్రమే పంచుకోవాలన్నది. అందుచేతనే డెబియన్ వంటి స్వేచ్ఛా వ్యవస్థలు వాటిని తమలో కలుపుకొనక, కావలసినవారు విడిగా తెచ్చుకొనే ఏర్పాటు మాత్రం చేశాయి. ఉచితంగా దొరికినా అది స్వేచ్ఛ కాలేదు. ఈ రెండింటికీ తెలుగులో వేర్వేరు మాటలుండడం మన అదృష్టం. ఇంగ్లీషువారు ఒకే మాటతో తంటాలు పడుతున్నారు.

గోండికి ఈ విషయంలో మేలే జరిగింది. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామంలోని వ్రాతప్రతుల వలన వెలుగు చూసిన లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం లభించింది. బాలాఘాట్‌కు చెందిన మున్షీ మంగల్ సింగ్ మసరామ్ 1918లో రూపొందించిన లిపికి అంతకు ముందటి సంవత్సరమే ఆ గౌరవం దక్కింది. రెండింటికీ నోటో ఫాంట్లు ఉన్నాయి. ఇవి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వెలువడ్డాయి. ఆ ఫాంటును విడిగా అమ్మరాదు. ఏదైనా ప్రోగ్రాముతో కలిపి పంచవచ్చు, అమ్మవచ్చు కూడా. కర్త పేరు, లైసెన్సు పాఠం ప్రతి నకలులోనూ ఉండాలి.

తెలుగువారి పోతన ఫాంటు మరో దారి పట్టింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన ఈ ఫాంటు జీపీఎల్ అనే లైసెన్సు కింద వచ్చింది. ఆ లైసెన్సు తాను చేరిన మొత్తం రచనకు తన షరతులనే వర్తింపజేస్తుంది. మరి ఫాంటు ఇమిడిన పుస్తకం మాటేమిటి? ఆ సందేహాన్ని తీర్చడానికే ఇటువంటి ఫాంట్లకు ఒక మినహాయింపును జతపరుస్తారు.

అన్నింటికంటె మోసగించేది ‘వాణిజ్యానికి వాడరాదు’ అనే చిన్న షరతు. బొమ్మలకు అది ఉన్నదనుకొనండి. జగదల్‌పుర్‌లో ఒక ఫోన్ల దుకాణదారుడు పది రూపాయలు పుచ్చుకొని వాచకాన్ని మెమరీ కార్డులోకి ఎక్కించి ఇస్తే, షరతు తప్పినట్లే కావచ్చు. ఇంటర్నెట్ లేని ఊళ్ళకు ఆ దుకాణమే గ్రంథాలయం. కనుక ఆ బొమ్మలను తీసివేసి, అమ్మకానికి కూడా అనుమతి ఉన్నవాటిని వెదకడమే మేలు. లైసెన్సు పాఠాన్ని విడి కాగితంగా ఉంచడమూ చాలదు. కార్డు నుండి కార్డుకు పోయేటప్పుడు మొదట జారిపోయేది అదే. ఆ పాఠాన్ని ప్రోగ్రాములోనే, చదువరి తెరచి చూడగల ఒక పుటగా చేర్చాలి.