చిప్ లేని గొట్టం, లోపల ఒక బ్యాటరీ

మెకానికల్ మాడ్ అనే రకం ఇ-సిగరెట్‌ను విప్పి బల్ల మీద పెడితే చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. రాగిదో ఇత్తడిదో స్టీలుదో ఒక గొట్టం, అడుగున నొక్కే బటన్, పైన కాయిల్ బిగించే అటామైజర్, మధ్యలో ఒక లిథియం అయాన్ సెల్. అంతే. బటన్ నొక్కగానే సెల్‌లోని కరెంటు నేరుగా కాయిల్‌లోకి వెళ్తుంది, కాయిల్ కాగి దూదికి పట్టిన ద్రవాన్ని ఆవిరి చేస్తుంది. మామూలు వేప్ పరికరాల్లో సెల్‌కీ కాయిల్‌కీ మధ్య ఒక చిప్ కాపలా ఉంటుంది. కాయిల్ షార్ట్ అయితే కరెంటు ఆపేస్తుంది. సెల్ బాగా దిగిపోయినా ఆపేస్తుంది. బటన్ ఎక్కువసేపు నొక్కి ఉంచినా ఆపేస్తుంది. మెక్ మాడ్‌లో ఆపే దిక్కు లేదు. మీటరు దగ్గర ఫ్యూజు మాటిమాటికీ పోతోందని అందులో లావుపాటి తీగ చుట్టేసి ఊరుకునేవాళ్ళు చూడండి, అచ్చం అలాంటి ఏర్పాటు ఇది.

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివినవాణ్ణి. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఒక వేప్ షాపు కౌంటర్ వెనక కొన్నేళ్ళు పనిచేశాను. ఇండియాలో 2019 నుంచి ఇ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ చట్టప్రకారం నేరం. టెక్సస్‌లో 21 ఏళ్ళు నిండినవాళ్ళకు అమ్మవచ్చు. అందుకే ఇక్కడి మన కుర్రాళ్ళ చేతుల్లో ఈ గొట్టాలు కనిపిస్తుంటాయి. పొగ అలవాటు లేనివాళ్ళు దీని జోలికి రావద్దని షాపులో ఉన్నప్పుడూ చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతాను. ఇందులోనూ ఉండేది నికోటినే. కానీ వాడేవాళ్ళు ఎలాగూ వాడుతున్నారు. వాళ్ళకు బ్యాటరీ సంగతి చెప్పేవాళ్ళు తక్కువ.

ఒకసారి గుంటూరు నుంచి ఎమ్మెస్‌కు వచ్చిన అబ్బాయి షాపుకొచ్చాడు. రూమ్మేట్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న రాగి మాడ్ జేబులోంచి తీసి, "అన్నా, బటన్ చుర్రుమంటోంది, కాస్త చూస్తావా?" అన్నాడు.

"ముందు సెల్ బయటికి తియ్యి తమ్ముడూ, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను.

అటామైజర్ విప్పి ఓమ్ మీటరు మీద పెడితే కాయిల్ 0.12 ఓమ్స్ చూపించింది. నిండుగా ఛార్జ్ అయిన సెల్ 4.2 వోల్టులు. 1827లో జర్మన్ శాస్త్రవేత్త ఓమ్ ప్రచురించిన సూత్రం మనమంతా ఇంటర్‌లో చదివిందే: వోల్టుల్ని ఓమ్స్‌తో భాగిస్తే కరెంటు. 4.2ను 0.12తో భాగిస్తే 35 ఆంపియర్లు. అతని సెల్ నిలకడగా ఇవ్వగలిగేది 20. అంటే నొక్కిన ప్రతిసారీ సెల్ తట్టుకోగలిగినదానికి దాదాపు రెండింతలు లాగుతున్నాడు. కాగితం మీద లెక్క వేసి చూపిస్తే, "ఇది నాకు తెలిసిన ఫార్ములానే అన్నా" అన్నాడు నెమ్మదిగా. నాకు బాధ కలిగింది అక్కడే. పరీక్షలో పది మార్కులకు రాసిన సూత్రం చేతిలో ఉన్న వస్తువుకు వర్తిస్తుందని ఎవరూ అతనికి చెప్పలేదు.

కాబట్టి మెక్ మాడ్ ఎంచుకోవడమంటే మొదట సెల్ ఎంచుకోవడమే. గొట్టం అందం ఆ తర్వాత. ఎక్కువ మాడ్‌లలో వేసేది 18650 సెల్. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు, చివరి సున్నా గుండ్రటి ఆకారానికి గుర్తు. దీని మీద రెండు అంకెలు చూడాలి. ఒకటి మిల్లీ ఆంపియర్ అవర్లు, ఎంతసేపు వస్తుందో చెబుతుంది. రెండోది నిలకడగా ఇవ్వగల ఆంపియర్లు, ఎంత గట్టిగా లాగవచ్చో చెబుతుంది. కొనేవాళ్ళంతా మొదటిది చూస్తారు, ప్రాణం మాత్రం రెండోదాని మీద ఆధారపడి ఉంటుంది. ఒకటి పెరిగితే సాధారణంగా రెండోది తగ్గుతుంది. శామ్‌సంగ్ 25ఆర్ 2500 నిల్వతో 20 ఆంపియర్లు ఇస్తుంది. సోనీ వీటీసీ5ఏ 2600తో 25 ఇస్తుంది. 3500 నిల్వ ఉన్న సెల్ ఎక్కువసేపు వస్తుంది గానీ 10 ఆంపియర్ల దగ్గరే ఆగిపోతుంది. టార్చ్‌లైటుకు అది బాగుంటుంది, మెక్ మాడ్‌కు పనికిరాదు. 9900 అని రాసిన సెల్ ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికితే, దాని మీద రాసిన ఇంకే అంకెనూ నమ్మకండి. ఈ సైజులో అంత నిల్వ పట్టదు. 40 ఆంపియర్లు అని పెద్ద అక్షరాల్లో కనిపిస్తే అది చాలావరకు క్షణకాలం లాగే కరెంటు. కొందరు వేరే కంపెనీల సెల్స్ కొని పైన తమ తొడుగు వేసి అమ్ముతారు, లోపల ఉన్నది ఏదో తొడుగు చూసి చెప్పలేం.

నేను చెప్పే కొలత ఇది: 20 ఆంపియర్ల సెల్‌కు 0.21 ఓమ్స్ దగ్గర అంచు వస్తుంది. అంచు మీద నడవాల్సిన పనేముంది? 0.3 ఓమ్స్ కాయిల్ కట్టుకుంటే 14 ఆంపియర్లే లాగుతుంది, ఆవిరికి అది చాలు. కాయిల్ మార్చిన ప్రతిసారీ మీటరు మీద పెట్టి చూడాలి. రెండు సెల్స్ వరసగా, ఒకదాని తర్వాత ఒకటి పట్టే మాడ్‌లు కూడా ఉన్నాయి. వాటిలో వోల్టేజి 8.4 అవుతుంది, అదే 0.3 కాయిల్ 28 ఆంపియర్లు లాగుతుంది. అవి కొత్తవాళ్ళకు అమ్మడానికి నేను ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఆ అబ్బాయి సెల్‌ను కౌంటర్ దీపం కింద తిప్పి చూస్తే పక్కన వడ్లగింజంత మేర ప్లాస్టిక్ తొడుగు లేచిపోయి లోపలి స్టీలు మెరుస్తోంది. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 18650 సెల్‌లో పైనున్న చిన్న బొడిపె ఒక్కటే పాజిటివ్. మిగతా ఒళ్ళంతా, ఆ బొడిపె చుట్టూ ఉన్న అంచుతో సహా, నెగటివ్. రెండిటికీ మధ్య ఉండేది సన్నటి రబ్బరు లాంటి సీలు, దాని మీద ఒక కాగితపు రింగు, ఆపైన కాగితం మందాన ఉండే తొడుగు. పక్కన తొడుగు చిరిగితే సెల్ ఒళ్ళు నేరుగా మాడ్ గొట్టానికి తగులుతుంది. అప్పుడు బటన్ ఉన్నా లేనట్టే, జేబులో ఉండగానే కాయిల్ తనంతట తాను కాగుతూ ఉంటుంది. పైఅంచు దగ్గర చిరిగితే ఇంకా ప్రమాదం, పాజిటివ్ నెగటివ్ నేరుగా కలిసిపోవచ్చు. కొత్త తొడుగు కొన్ని సెంట్లకు వస్తుంది. తొడిగి హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చూపిస్తే బిగుసుకుంటుంది. రింగు పెట్టడం మర్చిపోకూడదు. సెల్ సొట్టపోయి ఉంటే మాత్రం తొడుగు మార్చి లాభం లేదు, పక్కన పెట్టేయాల్సిందే.

ఇక గొట్టం సంగతి. ముందు వెతకాల్సింది గాలి రంధ్రాలు. సెల్ లోపల వేడి అదుపు తప్పితే పొరలు కరిగి, పుట్టిన వాయువు బయటికి తన్నుకొస్తుంది. దారి లేకపోతే గొట్టమే పగులుతుంది. రంధ్రాలు లేని మాడ్ ఎంత నగిషీగా ఉన్నా కొనకండి. బటన్‌కు తాళం రింగు ఉండాలి. జేబులో పెట్టేటప్పుడు దాన్ని తిప్పి బిగించాలి. మూడోది హైబ్రిడ్ మూత. కొన్ని మాడ్‌లలో అటామైజర్ కింది పిన్ను నేరుగా సెల్ బొడిపెను తాకుతుంది. ఆ పిన్ను తన చుట్టూ ఉన్న మరల కంటే స్పష్టంగా ముందుకు పొడుచుకు రావాలి. రాకపోతే నెగటివ్‌గా ఉండే ఆ మరలే బొడిపెకు తగిలి, నొక్కిన క్షణంలో పూర్తి షార్ట్ అవుతుంది. మామూలు ట్యాంకుల్లో పిన్ను లోపలికి పోయే రకం చాలా ఉంది. అలాంటిది హైబ్రిడ్ మాడ్ మీద ఎప్పుడూ బిగించకూడదు.

సెల్ పేలితే ఏం జరుగుతుందో ఊహించుకోవాల్సిన పని లేదు. 2018 మేలో ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వేప్ పరికరం పేలి, ముక్కలు తలలోకి దూసుకెళ్ళి ఒక మనిషి చనిపోయాడు. 2019 జనవరిలో, మా ఇర్వింగ్‌కు దగ్గరే ఉన్న ఫోర్ట్ వర్త్‌లో 24 ఏళ్ళ కుర్రాడు మెడ రక్తనాళం తెగి పోయాడు. అమెరికా అగ్నిమాపక సంస్థ 2009 నుంచి 2016 వరకు పత్రికల్లో వచ్చిన 195 ఘటనల్ని పరిశీలించింది. వాటిలో 133 మందికి గాయాలయ్యాయి. చాలా ప్రమాదాలు జేబులో ఉండగానో, వాడుతుండగానో జరిగాయి. జేబు అంటే పరికరం ఒక్కటే కాదు. విడి సెల్ ఒకటి తాళంచెవులతో కలిస్తే చాలు, తొడ కాలిపోతుంది. విడి సెల్ పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బీ ధర ఒక కాఫీ కంటే తక్కువ. అలా కాలితే ఆసుపత్రిలో బ్యాటరీ పేలిందని మొదటే చెప్పాలి. అది మంట గాయమొక్కటే కాదు, రసాయన గాయం కూడా.

అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ 2021లో ఒక హెచ్చరిక ఇచ్చింది: విడి 18650 సెల్స్ కొనవద్దు, వాడవద్దు అని. వీటిని ల్యాప్‌టాప్ ప్యాకుల్లాంటి వాటిలో రక్షణ సర్క్యూట్‌తో కలిపి వాడటానికే తయారుచేశారు. మెక్ మాడ్ వాడేవాళ్ళు ఆ హెచ్చరికకు అవతల నిలబడి ఉన్నారు. ఆ సంగతి తెలిసే వాడాలి. నన్నడిగితే పదిమందిలో తొమ్మిదిమందికి చిప్ ఉన్న పరికరమే సరైనది. ఆ అబ్బాయికీ అదే చెప్పాను. అతని పాత సెల్ నేను తీసుకుని రెండు కొసలకూ టేపు అంటించి రీసైక్లింగ్ డబ్బాలో వేశాను. ఇక్కడ పెద్ద హార్డ్‌వేర్ దుకాణాల్లో ఆ డబ్బాలు ఉంటాయి. చెత్తబుట్టలో వేస్తే చెత్త లారీలో మంట పుట్టవచ్చు.

ఛార్జింగ్ గురించి రెండు మాటలు. విడి ఛార్జర్‌లో పెట్టాలి, మంచం మీదా సోఫా మీదా కాదు. నిద్రపోయేముందు తీసేయాలి. మెక్ మాడ్ సెల్ ఎప్పుడు చాలించుకోవాలో తనంతట తాను చెప్పదు కాబట్టి ఆవిరి పలచబడగానే మల్టీమీటర్ పెట్టి చూడండి. 3.5 వోల్టుల దగ్గరికి వస్తే మార్చేయండి. గొట్టం గానీ బటన్ గానీ వేడెక్కితే వెంటనే ఆపి సెల్ తీయాలి. సెల్ బుసకొడుతుంటే, వాసన వస్తుంటే చేత్తో ముట్టకుండా దూరంగా జరిగి 911కి ఫోన్ చేయాలి.

సెలవులకు ఇంటికి వెళ్ళేవాళ్ళకు ఒక మాట. అమెరికా విమానాల్లో ఈ పరికరాల్నీ విడి సెల్స్‌నూ చెక్-ఇన్ సామాన్లో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. కానీ హైదరాబాద్‌లో దిగేటప్పటికి అక్కడి చట్టం వర్తిస్తుంది. ఇ-సిగరెట్ తీసుకురావడం దిగుమతి కిందికి వస్తుంది. మొదటిసారికే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. మాడ్‌ను ఇక్కడ గదిలోనే వదిలి వెళ్ళండి. వెళ్ళేముందు సెల్ బయటికి తీసి డబ్బీలో పెట్టండి.