సీబీపీ బాగుంటే రోగం పోయినట్టేనా?

కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో రక్త క్యాన్సర్‌కు మందులు వాడుతున్న పిల్లల ఇళ్లలో సీబీపీ (రక్తకణాల లెక్క) కాగితాలు కట్టలుగా పేరుకుంటాయి. తెల్ల కణాలెన్ని, ప్లేట్‌లెట్లు ఎన్ని అన్నది అమ్మానాన్నలకు నోటికొచ్చేస్తుంది. 2021 జూన్‌లో ఈ రెండు పట్టణాల్లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలు మొదలయ్యాక ఉచిత రక్తపరీక్షలు దగ్గరయ్యాయి. కీమో మాత్రల మోతాదు పెంచాలా, తగ్గించాలా అన్నది డాక్టర్లు ఈ అంకెలు చూసే చెబుతారు. అయితే 'రిపోర్టు నార్మలే, ఇక రోగం పోయింది' అనుకుని మందులు మానేస్తేనే ముప్పు.

లుకేమియా అనే ఈ రక్త క్యాన్సర్ బయటపడేనాటికి ఒంట్లో దాదాపు లక్ష కోట్ల క్యాన్సర్ కణాలుంటాయి. మొదటి నెల కీమో అయ్యాక సూక్ష్మదర్శినిలో చూస్తే ఎముక మజ్జ శుభ్రంగానే కనిపిస్తుంది. పిల్లాడు ఆడుకుంటాడు, అన్నం తింటాడు. అప్పటికీ వెయ్యి కోట్ల కణాల దాకా మిగిలి ఉండొచ్చు. రోగం తిరగబెట్టేది వాటి నుంచే.

తొలి మందు నాడే ఈ సంగతి తెలిసింది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన బృందాన్ని నడిపారు. అక్కడ తయారైన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి గుణం కనిపించింది. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. ఆ గుణం నిలవలేదు, రోగం మళ్లీ వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. ఆ మందుకు తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ను మన పిల్లలు ఇప్పటికీ వారానికోసారి వేసుకుంటున్నారు.

మిగిలిపోయిన కణాలను పట్టుకునే పరీక్ష ఫ్లో సైటోమెట్రీ. ఎముక మజ్జ కణాలకు మెరిసే రంగులున్న యాంటీబాడీలు అంటిస్తారు. కణాలు వరసకట్టి, సెకనుకు వేల చొప్పున, ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి సాగిపోతాయి. కణం నుంచి చెదిరి, మెరిసి వచ్చే కాంతిని బట్టి కణం సైజు, దాని మీదున్న సీడీ19, సీడీ10 లాంటి ప్రొటీన్లు తెలుస్తాయి. ఒక్కో కణం తెరమీద ఒక చుక్కవుతుంది. పదివేల కణాల్లో ఒక్క క్యాన్సర్ కణమున్నా, అంటే 0.01 శాతమున్నా, పసిగట్టొచ్చు.

చిక్కేమిటంటే, కీమో తర్వాత కొత్తగా పుట్టే మంచి బీ కణాల (ఒక రకం తెల్ల కణాల) మీద కూడా ఇవే ప్రొటీన్లుంటాయి. తేడా మెరుపు ఎక్కువ తక్కువల్లో ఉంటుంది. నిపుణులు ఒకసారికి రెండేసి ప్రొటీన్లను పక్కపక్కన పెట్టి, చుక్కల గుంపుల చుట్టూ మౌస్‌తో గీత గీస్తారు. ఇద్దరు గీస్తే రెండు గీతలు ఒకేలా రాకపోవచ్చు. కంప్యూటర్‌కు అన్ని ప్రొటీన్లనూ ఒకేసారి చూడగల వీలుంది. ఇండియానాపొలిస్, పర్‌డ్యూ పరిశోధకులు 2017లో ప్రచురించిన పనిలో 200 నమూనాలతో ప్రోగ్రాంకు నేర్పించి, అక్యూట్ మైలాయిడ్ లుకేమియా ఉన్న మరో 36 మందిపై పరీక్షించారు. తిరగబెట్టిన కేసులన్నింటినీ అది గుర్తించింది. రోగం ఉపశమించిన కేసుల్లో 90 శాతాన్ని సరిగ్గా చెప్పింది. పిల్లల్లో ఎక్కువగా వచ్చేది ఇది కాదు, లింఫోబ్లాస్టిక్ రకం. పైగా 36 మంది చిన్న సంఖ్య. అందుకే నాకు 2019లో వియన్నా, బెర్లిన్, బ్యూనస్ ఎయిరెస్ నమూనాలతో పిల్లల లింఫోబ్లాస్టిక్ లుకేమియా మీద జరిగిన పని ఎక్కువ ఆశ కలిగిస్తుంది. ఒక ఊరి యంత్రం దగ్గర నేర్చుకున్నది మరో ఊళ్లో పనికొస్తుందా అన్నదే అక్కడ అసలు పరీక్ష.

మనకూ ఆ ప్రశ్నే ముఖ్యం. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి సుమారు 300 కిలోమీటర్లు. మజ్జ నమూనాను ఒకటి రెండు రోజుల్లో యంత్రం మీద పెట్టకపోతే కణాలు చచ్చిపోతాయి. యంత్రం ఇచ్చే ఫైలుకు ఆ తొందర లేదు. కరీంనగర్‌లో రంగులంటించి యంత్రం మీద నడిపిస్తే, ముందు ప్రోగ్రాం చూసి, ఆపై హైదరాబాద్‌లో నిపుణులు నిర్ధారించొచ్చు. కానీ ప్రోగ్రాంకు మన పిల్లల ఫైళ్లతోనే నేర్పాలి. ఫైలుతోపాటు తర్వాత ఆ బిడ్డకు ఏమైందన్నదీ రాసి ఉండాలి. మధ్యలో రావడం మానేసినవాళ్ల దగ్గర ఆ గడి ఖాళీగా మిగులుతుంది. అందుకని ప్రోగ్రాం రాసేవాళ్లతోపాటు, రాని కుటుంబానికి ఫోన్ చేసి, బస్సు ఖర్చుల సంగతీ కనుక్కునే మనిషి కూడా ఆ ల్యాబులో ఉండాలి.