పేరు చూసి మోసపోవద్దు!

తిరుపతి: రాగిజావ తాగి పెరిగిన చిత్తూరు ప్రాంత విద్యార్థికి కళాశాలలో మరో 'జావా' ఎదురవుతుంది. ఇది కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష. ఇటువంటి భాషల ఆదరణలో పేరు పాత్ర ఎంత?

సన్ మైక్రోసిస్టమ్స్‌లో జేమ్స్ గోస్లింగ్ బృందం ఈ భాషను తొలుత 'ఓక్' అని పిలిచింది. ఆ పేరుపై మరొక సంస్థకు ట్రేడ్‌మార్క్ ఉన్నందున 1995లో కాఫీని స్ఫురింపజేసే 'జావా'గా మార్చారు. అదే ఏడాది డిసెంబరులో నెట్‌స్కేప్ సంస్థ, జావాకు లభిస్తున్న ప్రాచుర్యాన్ని అందిపుచ్చుకొనేందుకు తన 'లైవ్‌స్క్రిప్ట్'కు 'జావాస్క్రిప్ట్' అని పేరు మార్చింది.

వాస్తవానికి ఈ రెండూ వేర్వేరు భాషలు. జావాస్క్రిప్ట్ ప్రధానంగా బ్రౌజర్‌లో వెబ్ పేజీలను నడిపిస్తుంది. జావాను పెద్ద సంస్థల సర్వర్లలో విరివిగా వాడుతున్నారు. ఒకటి నేర్చుకున్నంత మాత్రాన రెండోది రాదు. ఈ తేడా తెలియక ఫీజు చెల్లిస్తే, ఉద్యోగ ప్రకటనలో అడిగినది ఒకటి, నేర్చినది మరొకటి అవుతుంది.

పేరు ఆకర్షించగలదే తప్ప నిలబెట్టలేదు. 1972లో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ రూపొందించిన 'సి' పేరు ఒక్క అక్షరమే. 'బి' తరువాత వచ్చింది కనుక 'సి' అయింది. నేటి లైనక్స్‌కు సైతం అదే పునాది. 'పైథాన్' అనగానే కొండచిలువ గుర్తుకొచ్చినా, ఆ పేరుకు మూలం ఒక బ్రిటిష్ హాస్య బృందం. సులభమైన వాక్యనిర్మాణం, డేటా విశ్లేషణలో ఉపయోగమే దానికి ఆదరణ తెచ్చాయి. గణిత మేధావి అడా లవ్‌లేస్ పేరు పెట్టుకున్న 'అడా' మాత్రం రక్షణ, విమానయానం వంటి రంగాలకే ఎక్కువగా పరిమితమైంది.

కనుక విద్యార్థులు, తల్లిదండ్రులు కోర్సు పేరు కాక, అందులో బోధించే పాఠ్యాంశాలను, ఉద్యోగ ప్రకటనలు కోరుతున్న నైపుణ్యాన్ని పోల్చి చూసిన తరువాతే ఫీజు చెల్లించడం శ్రేయస్కరం.